సీటు వెనక సీసా

"చూశావా, మందు సీసా! లారీవాళ్ళు తాగకుండా ఉంటారటే? పిల్లను తీసుకుని నా వెంట వచ్చెయ్" అంది కింద నిలబడ్డ అక్క, చెల్లెలి పసిపాపను చంకనేసుకుని.

మొగుడి లారీ శుభ్రం చేద్దామని ఎక్కిన చెల్లెలికి డ్రైవరు సీటు వెనక దొరికిందా సీసా. నిండా పసుపుపచ్చగా ఉంది. తాగనని పాప మీద ఒట్టేసిన మనిషి! మూత తిప్పింది. కంపు గుప్పుమంది. మందు కాదు, మూత్రం.

"అయ్యో, దాన్ని ముట్టుకున్నావా?" ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చిన మొగుడు తల దించుకున్నాడు. "పారేయడం మర్చిపోయానే. సరుకు దించడానికి గోడౌన్ ముందు పదిహేను గంటలు వరుసలో ఉన్నా. దిగి ఎటైనా వెళ్తే వంతు పోతుంది."

"లోపల మరుగుదొడ్డి లేదా?" అంది చెల్లెలు.

"ఉంది. డ్రైవర్లను రానివ్వరు." అతని చూపు వదినగారి మీద ఆగింది.

"నన్ను చూస్తావేం మరిదీ?" అక్క ముక్కు మూసుకుంది. "అక్కడ మేనేజరు మా ఆయనే, అయితే ఏం? లారీవాళ్ళకి శుభ్రం తెలీదని ఆయనే తాళం వేయించారు. తప్పా? ఛీ, సీసాల్లో పోసుకు తిరిగే మనుషులు!"

చెల్లెలు మూత బిగించి కిందికి దిగింది.

"పాపనిలా ఇవ్వక్కా."

"ముందు ఆ చెయ్యి కడుక్కుని రావే!"

పాపను ముట్టుకునే ముందు రెండుసార్లు సబ్బు రుద్దుకునే మనిషి, ఇప్పుడు కడుక్కోకుండానే పాపను అక్క చంకలోంచి లాక్కుంది.