మూడో సిస్టమ్

"నా బిడ్డ ఏం జూస్తాండాదో నీ పెట్టెలో కనపడతాదంట గదమ్మా. రవంత సూసి సెప్పు."

చేతిలో సంచితో, మెట్లెక్కిన ఆయాసంతోనే అడిగాడు చెంగల్రాయుడు.

మదనపల్లె బస్టాండు ఎదురుగా, మేడమీద ఉన్న నెట్ సెంటర్ అది. కౌంటర్‌లో అశ్విని కూర్చుని ఉంది. ఏ సిస్టమ్‌లో ఎవరు ఏ పేజీ తెరిచినా, ఏం టైపు చేసినా ఆమె ముందున్న కంప్యూటర్‌లో కనిపిస్తుంది. ఆడపిల్లల్ని నమ్మి పంపండని ఓనరు ఆ సంగతి బోర్డు మీద కూడా రాయించాడు.

"రేఖ వాళ్ల నాయనేనా? బాగా చదివే పిల్లప్పా. రిజల్ట్స్ చూసుకుంటా ఉంటాది."

"రిజల్టు వచ్చి నెలాయ. కుప్పం ఇంజినీరింగు కాలేజీలో సీటూ వచ్చె. ఇంగేం సూస్తాది? వారంగా తంబళ్లపల్లె నుంచి దినామూ బస్సెక్కి ఈడికే వస్తాండాది. కూడు తినదు. నా మొగం సూడదు. గోడకి తిరిగి ఏడుస్తాది."

అశ్విని మూడో సిస్టమ్ కర్టెన్ వైపు చూసింది. రేఖ దాని వెనకే ఉంది.

"ఊర్లో నవ్వతాండారమ్మా. 'నీ బిడ్డ కంప్యూటర్లో మొగుణ్ని ఎతుక్కుంటాండాదా రాయుడూ' అని మారప్ప నా మొగానే అనె. ఎవుడన్నా ఉంటే సెప్పు. కుప్పమూ ల్యాదు, సదువూ ల్యాదు. పుంగనూరులో మా యక్క కొడుకుండాడు, ఈ నెల్లోనే తాళి కట్టిస్తా."

అశ్విని తన కంప్యూటర్‌లో మూడో సిస్టమ్ మీద నొక్కింది. పేజీ వచ్చింది. చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

చెంగల్రాయుడు తెర మీదికి వంగాడు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఆయనకు తెలుగు చదవడమే రాదు.

"ఏముండాది? మొగోనికి రాస్తాండాదా?"

"అదీ... అప్పా..."

కర్టెన్ కదిలింది. బయటికి వచ్చిన రేఖ తండ్రిని చూసింది. తెరను చూసింది. పరుగున వచ్చి మానిటర్ ఆపేసింది.

"చదవొద్దక్కా!"

"ఎవుడు మే వాడు?"

రేఖ తల దించుకుంది. "ఉదయ్ కిరణ్ అని... ఈడే, నెట్లో పరిచయమైనాడు నాయనా."

అశ్విని నోరు తెరిచింది. కౌంటర్ కింద రేఖ ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

చెంగల్రాయుడు కొట్టలేదు. అరవలేదు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"అమ్మ లేని బిడ్డవని సంకలో పెట్టుకోని సాకితినే. నన్ను మోసం జేస్తివా?"

"ఔ నాయనా. మోసమే చేస్తాండాను."

"నడువ్ ఇంటికి. కుప్పం మాట మర్సిపో."

"సరే నాయనా. ఆ సంచి ఇట్లియ్యి, నేను ఎత్తుకుంటా."

"ముట్టుకోవాకు!"

ఇద్దరూ మెట్లు దిగిపోయారు. ముందు తండ్రి, వెనక కూతురు.

అశ్విని మానిటర్ మళ్లీ వేసింది. 'ఊపిరితిత్తుల క్యాన్సర్ చివరి దశలో ఉందని మా నాన్నకు ఇంకా చెప్పలేదు, ఆయన ఇంకెన్నాళ్లుంటారు డాక్టర్' అని రేఖ ఇంగ్లీషులో టైపు చేసిన ప్రశ్న తెరమీద అలాగే ఉంది.