సర్కారు రేటు

కనుమ ఎక్కుతుండగా రలిత్సా కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

బయట మంచు. వెనక సీట్లో తండ్రి. మధ్యాహ్నానికల్లా ఆయనకి వ్రాత్సా ఆస్పత్రిలో డయాలసిస్ జరగాలి.

ఫోన్ చేస్తే టోయింగ్ బండి వచ్చింది. ఓ ముసలాయన దిగాడు.

"ముందే చెప్పు, ఎంత గుంజుతావు?" అంది రలిత్సా.

"సర్కారు రేటేనమ్మా."

"పైన ఒక్క సెంటు అడిగినా ఫిర్యాదు చేస్తా. కారు షెడ్డులో పెట్టి తాళమేసి, అడిగినంతా ఇస్తేగానీ వదలని రకం మీరు. మా మేనమామ కారు అలాగే పోయింది."

"నిజమే, అలాంటివాళ్ళు ఉండేవాళ్ళు" అన్నాడాయన గొలుసు బిగిస్తూ.

"ఉండేవాళ్ళేంటి! సర్కారు భయం లేకపోతే నువ్వూ మా తోలు వలిచేవాడివే."

"రలీ, ఇక చాల్లేవే" అన్నాడు తండ్రి.

ముసలాయన నవ్వాడు. "అననీ అన్నా. ఈ చలిలో నోరైనా వేడిగా ఉండాలిగా!"

తండ్రిని తన బండి ముందు సీట్లో కూర్చోబెట్టి, తన కోటు తీసి కప్పాడు.

"కారుకేం తొందర? ముందు ఆస్పత్రి" అన్నాడు.

ఆస్పత్రి దగ్గర తండ్రి భుజం కింద చెయ్యేసి మెట్లెక్కించి, వార్డు దాకా తీసుకెళ్ళాడు. ఆ తర్వాతే రలిత్సానీ కారునీ మెకానిక్ వెలిన్ షెడ్డుకి చేర్చాడు.

రలిత్సా మనసు కాస్త మెత్తబడి ఇంకో నోటు కలిపి ఇచ్చింది.

"రేటు రేటేనమ్మా" అని దాన్ని వెనక్కిచ్చి వెళ్ళిపోయాడు.

"సర్కారుకి దండం పెట్టాలి" అంది రలిత్సా మెకానిక్‌తో. "రేటు కట్టింది కాబట్టి ఈ తోడేళ్ళు దారికొచ్చాయి."

వెలిన్ చేతిలో పాన ఆగింది.

"తోడేలా? స్పాస్ తాతా?"

"పేరు అడగలేదు."

"కనుమలో అందరూ దోచుకునే రోజుల్లో న్యాయంగా తీసుకున్నది ఆయనొక్కడే అక్కా. మా పొట్ట కొడుతున్నావని తోటివాళ్ళే ఆయన బండి తగలబెట్టారు. అప్పుడాయన బస్సెక్కి రాజధాని సోఫియా వెళ్ళి, పార్లమెంటు కమిటీ ముందు ఒక్కొక్కడి బండారం బయటపెట్టాడు. ఈ రేటు చట్టం వచ్చింది అప్పుడే."

రలిత్సా గేటు దాకా పరిగెత్తింది. రోడ్డు ఖాళీగా ఉంది.

వెనక నుంచి వెలిన్ అన్నాడు.

"సర్కారు కొత్తగా కట్టిందేమీ లేదక్కా. న్యాయమైన రేటెంతని వాళ్ళడిగితే, తాత తనెప్పుడూ తీసుకునేదే చెప్పాడు; అదే చట్టంలో రాసుకున్నారు."