నలభై స్లైడ్ల శిష్యుడు

“పేరు మారిస్తే ఫైలు మారదు సార్,” అంది కొత్తమ్మాయి, మూడోసారి.

శిక్షణ విభాగం అధికారి ఆ మాట మూడోసారి కూడా వినిపించుకోలేదు. ఆయన తయారుచేసిన నలభై స్లైడ్ల ప్రెజెంటేషన్‌ను వీడియోగా మార్చి పంపమని హెడ్డాఫీసు కోరింది. శుక్రవారానికల్లా అది అన్ని బ్రాంచీల టీవీల్లోనూ ఆడాలి. అధికారి చేసిందల్లా ఫైలు పేరు చివరనున్న అక్షరాలు చెరిపేసి, వీడియో ఫైళ్లకుండే అక్షరాలు టైపు చేయడం. అంతటితో మారిపోయిందనుకుని ధీమాగా పంపించాడు. తెరుచుకోవడం లేదని అప్పటికి రెండుసార్లు ఫోనొచ్చింది.

“ప్రెజెంటేషన్‌లోనే ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది సార్. నన్ను ఒక్కసారి చెయ్యనిస్తే...”

“నీ దరఖాస్తు చూశాన్లే అమ్మాయ్. బస్టాండులో మైకు పట్టుకుని బస్సుల టైములు అరిచే ఆయన కూతురివి. నువ్వా నాకు కంప్యూటర్ నేర్పేది?”

నెలాఖరుకి ఆమె ప్రొబేషన్ ముగుస్తుంది. ఆయన ‘సంతృప్తికరం’ అని రాసి సంతకం పెడితే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే ఇంటిదారి పట్టాల్సిందే. ఫైలు తెరుచుకోకపోవడానికి ఆమె అసమర్థతే కారణమని ఆయన అప్పటికే ఒక మెమో సిద్ధం చేయించాడు. దాన్ని టైపు చేయించింది కూడా ఆమె చేతనే. శుక్రవారం వీడియో ఆడకపోతే ఆ మెమో పైకి వెళ్తుంది. పోనీ ఆమే కూర్చుని చేసిపెడదామంటే, తన మౌసు ఇంకొకరు ముట్టుకోవడం ఆయనకు గిట్టదు.

మర్నాడు ఫైళ్లు సర్దుతూ ఆమె ఒక మాట అంది. అకౌంట్స్ వాళ్లు ఆన్‌లైన్‌లో ఎవరో గురువుగారి పాఠాలు చూసి ఇవన్నీ నేర్చుకుంటున్నారట. తనకైతే ఆ పాఠాలు బొత్తిగా నచ్చలేదట. సార్ కూడా వాటి జోలికి పోకపోవడమే మంచిదట. ఆమెకు నచ్చలేదంటే అందులో సరుకు ఉన్నట్టే అనుకున్నాడు అధికారి. ఛానల్ పేరు అడిగి, తలుపు వేసుకుని వెతికాడు.

ఆ వీడియోలో మనిషి కనబడడు. కంప్యూటర్ తెర, దాని మీద తిరిగే బాణం గుర్తు, వెనక నుంచి ఓ గంభీరమైన గొంతు. “నాయనా, పేరు మారిస్తే ఫైలు మారదు. మళ్లీ చెబుతున్నాను, పేరు మారిస్తే ఫైలు మారదు. ఎక్స్‌పోర్ట్ నొక్కు.”

అధికారికి ఒళ్లు పులకరించింది. కొత్తమ్మాయిని పిలిచి మళ్లీ మొదట్నుంచీ పెట్టాడు.

“గొంతంటే అదీ. విషయం తెలిసినవాళ్లు ఎలా చెప్తారో విని నేర్చుకో. నువ్వూ ఉన్నావు, ఎందుకూ?”

ఆమె తల వంచుకుని వింది.

వీడియో అయితే తయారైంది గానీ, స్లైడ్లు ఐదేసి సెకన్లకు ఒకటి చొప్పున పరుగెత్తిపోయాయి. ఒక్కో స్లైడులో పేజీడు మేటరు కుక్కడం ఆయనకు అలవాటు. దాన్ని ఐదు సెకన్లలో ఆయనే చదవలేకపోయాడు. మర్నాడు గురువుగారి పాఠం సరిగ్గా దాని మీదే వచ్చింది. ఏ స్లైడు ఎంతసేపు నిలవాలో ఎక్కడ చెప్పాలో గురువుగారు విడమరిచి రెండేసిసార్లు చెప్పారు.

ఆఫీసు ఇంటర్నెట్‌ను నమ్ముకుంటే లాభం లేదని అధికారి ఆ పాఠాలు దాచుకోవాలనుకున్నాడు. కంప్యూటర్ తెరకు ఎదురుగా ఫోను పట్టుకుని షూట్ చేశాడు. పాఠం కంటే తెరలో ప్రతిఫలించిన ఆయన బట్టతలే బాగా వచ్చింది. మర్నాడు గురువుగారు మొదలుపెట్టడమే ఇలా మొదలుపెట్టారు: “ఫోను కింద పెట్టు నాయనా. నా పాఠాలు దాచుకోవడానికి వీడియో కిందే డౌన్‌లోడ్ లింకు ఇచ్చాను.”

అధికారి నిర్ఘాంతపోయాడు. అంతటివాళ్లకు ఎదుటివాడి అవస్థ ఇట్టే తెలిసిపోతుందని విభాగంలో అందరికీ చెప్పాడు.

“ఏదో గాల్లో రాయి విసిరి ఉంటారు సార్. నాకైతే ఆయన మీద నమ్మకం లేదు,” అంది కొత్తమ్మాయి.

“కుళ్లు,” అన్నాడు అధికారి.

గురువుగారి పాఠాలన్నిటికీ కలిపి చూసినవారి సంఖ్య ముప్ఫై దాటలేదు. విలువ తెలియని లోకమని అధికారి నిట్టూర్చాడు. అందులో పాతిక సార్లు చూసింది తానేనన్న సంగతి ఆయనకు తట్టలేదు.

శుక్రవారం వీడియో అన్ని బ్రాంచీల్లోనూ చక్కగా ఆడింది. డైరెక్టర్ స్వయంగా ఫోన్ చేసి, ఇంత పని ఎవరు నేర్పారని అడిగాడు.

“ఎవరూ లేరు సార్. అంతా స్వయంకృషి.”

గురువుగారు అలా ఒక్క ముక్కలో గాల్లో కలిసిపోయారు. ముచ్చటపడిన డైరెక్టర్ మిగతా విభాగాల ప్రెజెంటేషన్లు పన్నెండు ఆయనకే అప్పగించాడు. ఆ ఊపులో అధికారి మెమో చించేసి, కొత్తమ్మాయి రిపోర్టులో ‘సంతృప్తికరం’ అని రాశాడు. ఊరికే పొగడటం ఇష్టంలేక కింద ఇంకో వాక్యం చేర్చాడు: ‘మంచి గురువు దొరికితే బాగుపడుతుంది.’

ఆమె దానికి ఒక నకలు తీసుకుని సంచిలో పెట్టుకుంది. సాయంత్రం బయల్దేరేసరికి అధికారి ఆ పన్నెండింటిలో మొదటిదానితో కుస్తీ పడుతున్నాడు. ఏం నొక్కాడో ఏమో, స్లైడ్లన్నీ తలకిందులుగా వస్తున్నాయి.

ఇంటికి చేరగానే ఉద్యోగం నిలిచిందని చెప్పి కాగితం తండ్రి చేతికిచ్చింది. ఆయన కళ్లు చెమర్చాయి. కింది వాక్యాన్ని మాత్రం పైకి చదివాడు, రెండుసార్లు.

“ఇవాళ మీ సారు ఏం పాడుచేశాడమ్మా?” అంటూ మైకు ముందుకు లాక్కున్నాడు.