చావని వేషం

"నేను చావను" అని నెత్తురు చొక్కా విప్పి డైరెక్టర్ కాళ్ళ ముందు విసిరేశాడు లవెల్.

మొక్కజొన్న పాకంలో ఎర్రరంగు కలిపిన నెత్తురు. డెనిస్ హోల్ట్ బూట్ల మీద చిందింది. జార్జియా అడవిలో, చెక్క ఇంటి ముందు, షూటింగ్ యూనిట్ అంతా చేతిలో పని వదిలేసి చూస్తోంది. సినిమాలో అందర్నీ నరికే గొడ్డలివాడు కూడా ముసుగు నుదుటి మీదికి లాక్కుని, గొడ్డలి దించి నిలబడ్డాడు.

"ఇప్పుడా చెప్పేది? స్క్రిప్టు చదివే కదా ఒప్పుకున్నావ్!" అన్నాడు డెనిస్.

"నేను చదివిన దాంట్లో హీరోయిన్ పిల్లను కాలే ఇంట్లోంచి బయటికి లాక్కొచ్చేది నేను. ఇవాళ వచ్చేసరికి మేకప్ వాళ్ళు నా మెడ మీద గాటు పెడుతున్నారు. ఎవరు మార్చారు?"

"కథే అలా మార్చింది. జనానికి మొదట్లోనే భయం పుట్టాలి. ముందు ఒకడు పోవాలి."

"ఆ ఒకడు ప్రతిసారీ నేనేనా? కారులోంచి ఐదుగురం దిగాం. నలుగురు తెల్లవాళ్ళు, నల్లవాణ్ణి నేనొక్కణ్ణే. అంత చీకట్లో కూడా గొడ్డలివాడికి ముందు నేనే ఎలా కనబడతానయ్యా?"

లైటు పట్టుకున్నవాడు కిసుక్కున నవ్వాడు. డెనిస్ అటు చూడగానే దగ్గాడు.

"దీన్ని రంగు గొడవ చెయ్యకు, లవెల్."

"నేను చేశానా? మా తాత కాలంలో మావాళ్ళకు దెయ్యాన్ని చూసి గుడ్లు మిటకరించి పరిగెత్తే నౌకరు వేషం పడేశారు. తర్వాత డప్పు కొట్టి శవాల్ని లేపే మంత్రగాడి వేషం. ఇప్పుడు మొదటి శవం వేషం. మేం మీకు మనుషుల్లా కనబడేదెప్పుడు?"

"నాకు పాఠం చెప్పకు. వాన ముంచుకొస్తోంది. నీకేం కావాలో చెప్పు."

"బతకాలి."

ఎవరూ నవ్వలేదు.

"మా అమ్మ నా సినిమా ఒక్కటీ చివరిదాకా చూడలేదు. నేను పడిపోగానే లేచి వెళ్ళిపోతుంది. మా తమ్ముణ్ణి పోలీసులు కాల్చేస్తే నిజంగానే పూడ్చుకుంది. రెండోవాణ్ణి టికెట్ కొనుక్కుని మరీ పూడ్చలేనంది. ఈసారి బతికుంటాను, రా అమ్మా అని మాటిచ్చాను. ఆ మాట నీ గొడ్డలి కోసం తప్పను."

డెనిస్ మబ్బు కేసి చూశాడు, గడియారం కేసి చూశాడు.

"సరే. ఈ సినిమాలో నువ్వు చావవు. చాలా?"

"అందరూ విన్నారు."

"విన్నారులే. చొక్కా మార్చుకో."

ఆ రోజు గొడ్డలి కింద మొదట పడింది బంగారు జుట్టు కుర్రాడు. లవెల్ చివరిదాకా నటించాడు. మంటల్లో దూరాడు. నిజంగానే చెయ్యి కాల్చుకున్నాడు.

సినిమా విడుదలైన ఆదివారం, ప్రార్థన ముగియగానే, చర్చి టోపీలు తియ్యకుండానే లవెల్ వాళ్ళ పేట ఆడవాళ్ళంతా అట్లాంటాలోని సినిమా హాలుకు వచ్చేశారు. మధ్యలో లవెల్ తల్లి ఎర్నెస్టిన్. పక్కన కొడుకు.

తెరమీద ఐదుగురు కారు దిగారు. హాలు ఊరుకుంటుందా!

"లోపలికి పోకండ్రా!"

"తలుపెందుకు కొడతావే పిల్లా, చావడానికా?"

"ఎర్నెస్టిన్ సిస్టర్, నీ వాడికి కాస్త చెప్పమ్మా!"

"మావాడికి ఈసారి ఏం కాదు. మీరు చూస్తూండండి" అంది ఎర్నెస్టిన్.

తెరమీద లవెల్ వీపు కనబడింది. కారెక్కుతోంది. "ఈ ఇల్లు నాకేం నచ్చలేదు. మీరుండండి, నేను పోతున్నా" అంది గొంతు. కారు అడవి దాటి వెళ్ళిపోయింది.

హాలు లేచి నిలబడింది. ఒకటే చప్పట్లు.

"అదీ బుర్రంటే!"

"ఇన్నాళ్ళకు మనవాడొకడు మనలా చేశాడు!"

వెనక సీటావిడ లవెల్ భుజం మీద చరిచింది. "బతికిపోయావ్ నాయనా!"

లవెల్ చేతులు కదల్లేదు. అది అన్నిటికంటే చివర తీసిన షాటు. పిల్లను కాపాడాక ఒంటరిగా ఇంటికి పోయే షాటు. దాన్ని తెచ్చి మొదట్లో అతికించారు. వీపు తనదే. గొంతు ఎవరిదో.

"ఆ డైరెక్టర్ మోసం చేశాడమ్మా. పద, పోదాం" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"కూర్చో. మళ్ళీ వస్తావుగా."

"అమ్మా..."

"కూర్చోమన్నానా! చివరిదాకా చూస్తానని నేనూ మాటిచ్చాను."

ఆవిడ చూసింది. కళ్ళు తిప్పకుండా చూసింది. బంగారు జుట్టు కుర్రాడు పోయినప్పుడు చూసింది. మిగతావాళ్ళు పోయినప్పుడు చూసింది. కారు చప్పుడు వినబడినప్పుడల్లా సీట్లో ముందుకు జరిగింది. ఇల్లు అంటుకుంది. పిల్ల మంటల్లోంచి బయటపడింది. ఆమెను లాగిన చెయ్యి మణికట్టు దాకానే కనబడింది. తెరమీద ఆ పిల్ల ఒక్కతే ఏడ్చింది, ఒక్కతే నవ్వింది.

లైట్లు వెలిగాయి. జనం లవెల్ దగ్గరికి వచ్చి చెయ్యి కలిపి పోతున్నారు. కాలిన చెయ్యి. అతను పిడికిలి బిగించుకుని తల్లి కేసి తిరిగాడు.

"చావలేదుగా అమ్మా" అన్నాడు.

ఎర్నెస్టిన్ టోపీ సర్దుకుని లేచింది.

"చచ్చినప్పుడే నయంరా. కాసేపన్నా కనబడేవాడివి."