కోటగుమ్మంలో తలుపు

దేశంలో ఎమర్జెన్సీ నడుస్తున్న ఆ రాత్రి జీవరాజు రిక్షాలో ఇంకో ఎమర్జెన్సీ వచ్చిపడింది. భార్య ఏసమ్మకి పురిటినొప్పులు. రాజమండ్రి కోటగుమ్మం దాటితేనే ఆసుపత్రి. చాళుక్యులేలిన ఊళ్లో కోటా, గుమ్మమూ ఎప్పుడో పోయి, పేరొక్కటే మిగిలిన సెంటరది. అక్కడే రిక్షా చక్రం చెక్కకి కొట్టుకున్నట్టు ఠక్కున ఆగింది. ఎదురుగా ఖాళీ రోడ్డే.

“పొద్దుగూకాక తలుపు తియ్యం. రాజుగారి ఆజ్ఞ,” అంది ఆ ఖాళీలోంచి ఓ గొంతు.

“ఏ రాజుగారండి? నేనూ రాజునేనండి, జీవరాజుని! తియ్యండి!” అంటూ గాలిని దబదబా బాదాడు. గాలి చెక్కలా మోగింది.

గడియ కిర్రుమంది. అవతల వీధిలైట్లు లేవు. దివిటీలున్నాయి.

“ఏవయ్యా, ఎక్కడికిది?” అని వెనకనుంచి మొగుడి చొక్కా పట్టుకుంది ఏసమ్మ.

“ఏ కాలమైతే మనకేంటి? మంత్రసాని ఉండకపోద్దా!”

బెల్లు గట్టిగా కొడుతూ జీవరాజు లోపలికి తొక్కాడు. వెనక గడియ పడింది.