భూమిని తాకే చెయ్యి

"గాలయ్య లేడా?"

షెడ్డు ముందు కారు ఆపిన ప్రతివాడూ అదే అడుగుతున్నాడు.

శామీర్‌పేట రోడ్డు పక్కన ఆ శిల్పాల షెడ్డు పెట్టింది సిద్దిరాములు. ముప్ఫై ఏళ్లుగా బుద్ధుడి విగ్రహాలు చెక్కుతున్నది సిద్దిరాములు. గాలయ్య పదేళ్ల కింద జవహర్‌నగర్ గుట్టల్లో కంకర కొట్టడం మాని వచ్చినవాడు. ఉలి పట్టుకోవడం దగ్గర్నుంచి వాడికి అన్నీ సిద్దిరాములే నేర్పాడు.

"చెవులు గంత పొడుగెందుకు ఉస్తాద్?" అని అడిగేవాడు గాలయ్య అప్పట్లో.

"రాజు కొడుకు గదరా. బరువు పోగులు పెట్టుకునేటోడు. అన్ని ఇడిసిపెట్టి అడవికి పోయిండు. సాగిన చెవులు మాత్రం అట్లనే ఉన్నయి."

"మరి కుడిచెయ్యి నేలకెందుకు దించిండు?"

"నీకు జ్ఞానం వచ్చిందనేటందుకు సాక్షి ఎవరని తపస్సు చెడగొట్టొచ్చిన మారుడు అడిగిండు. పక్కన ఎవ్వరు లేరు. గీ భూమే సాక్షి అని ముట్టి చూపెట్టిండు."

ఇప్పుడు అవే మాటలు గాలయ్య నోటి నుంచి వింటూ కొనేవాళ్లు తలలూపుతుంటే సిద్దిరాములుకు ఒళ్లు మండిపోయేది.

తొంభై ఎనిమిదిలో బౌరంపేట యాదగిరి పటేల్ తన పొలంలో ధ్యానమందిరం కట్టించాడు.

"ఇద్దరు చెరొక బుద్ధున్ని చెక్కుండ్రి. మూడడుగులు, నల్లరాయి, చెయ్యి భూమిని తాకాలె. ఏది మంచిగుంటె అది తీస్కపోత, చెక్కినోనికి శాలువ కప్పుత" అన్నాడు.

తన శిష్యుడితో తనకు పోటీ! సిద్దిరాములుకు అన్నం సయించలేదు.

రెండేళ్లుగా అతని కళ్లకు పొర కమ్ముతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మర్నాడే షెడ్డంతా గాలయ్యదైపోతుంది. కంటికి ఆననిది వేళ్లతో తడుముకుంటూ మూడు నెలలు చెక్కాడు.

యాదగిరి వచ్చే ముందురోజు మధ్యాహ్నం గాలయ్య, అతని భార్య నాగమణి అన్నానికి ఇంటికి పోయారు. పొద్దున వానకు ఇంటిపట్టునే ఉండిపోయిన సిద్దిరాములు అప్పుడే షెడ్డుకొచ్చాడు. రేకుల నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. రెండు విగ్రహాలూ గోనెపట్టాల కింద ఉన్నాయి. తలుపు పక్కది తనది. గోడ పక్కది గాలయ్యది.

తలుపు పక్క పట్టా తీసి తడిమాడు. నుదురు. సగం వాలిన రెప్పలు. పెదవి దగ్గర వేళ్లు ఆగిపోయాయి. ఎంత నెమ్మది! ఇది తన చేతుల్లోంచే వచ్చిందా? కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గోడ పక్కదాన్ని తడిమాడు. పెదవులు బిగుసుకుని ఉన్నాయి. ఒక చెవి మందం.

"గింతేనారా నీ పనితనం!" అని నవ్వుకున్నాడు.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మంచీ చెడ్డా ఎవడు చూస్తాడు? పటేల్ చెవుల్లో గాలయ్య పేరు ఎప్పుడో పడింది. విగ్రహం ఎలా ఉన్నా వాడిదే తీసుకుపోతాడు. శాలువా వాడికే. రేపటి నుంచి తన షెడ్డులో తనే ఎవరికీ పట్టని ముసలాడు.

సుత్తి ఎత్తాడు.

గోడ పక్కదాని మీద ఒక్క దెబ్బ. భూమిని తాకే వేళ్లు విరిగి కింద పడ్డాయి. పట్టాలు కప్పి బయటికొచ్చి బీడీ ముట్టించాడు. మూడు పుల్లలు ఆరిపోయాయి.

మర్నాడు యాదగిరి పదిమందితో దిగాడు. గాలయ్య పట్టాలు తీశాడు. విరిగిన చేతిని చూశాడు. కింద పడిన వేళ్లను చూశాడు. తర్వాత సిద్దిరాములు ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"ఏమైందిరా?" అన్నాడు యాదగిరి.

"నాదే తప్పు పటేలా. నిన్న పొద్దుగాల వాన నీళ్లు కారుతున్నయని రెండింటిని అటిటు జరిపినం. నా చేతులకెల్లి జారింది. ఇరిగింది నాది. ఉస్తాద్‌ది తీస్కపోండ్రి."

నాగమణి ఏదో అనబోయింది. గాలయ్య కళ్లతోనే వద్దన్నాడు.

సిద్దిరాములుకు ఆ మాటల్లో 'నాదే తప్పు' అన్నది తప్ప ఇంకేమీ వినపడలేదు. వీడెందుకు నేరం మీదేసుకున్నాడు? ఆలోచన తెగకముందే యాదగిరి రెండో విగ్రహం ముందు చేతులు జోడించి నిలబడిపోయాడు.

"ఏం చెయ్యి పెద్దాయనా నీది! ఈ మొకం జూస్తాంటె పానం సల్లవడ్డది."

ఆ మాటతో భయం, అనుమానం అన్నీ ఎగిరిపోయాయి. శాలువా కప్పించుకుని, ట్రాక్టర్‌లో బుద్ధుడి పక్కన నిటారుగా కూర్చుని సిద్దిరాములు బౌరంపేటకు బయల్దేరాడు. గాలయ్య వైపు తిరిగైనా చూడలేదు.

ట్రాక్టర్ చప్పుడు దూరమయ్యాక నాగమణి ఏడుపు ఆపుకోలేకపోయింది.

"మూడు నెలల కష్టం! గంతమంది ముందట ఎందుకు అబద్ధమాడినవ్?"

గాలయ్య విరిగిన వేళ్లను ఒక్కొక్కటే ఏరి తువ్వాలలో పెట్టుకున్నాడు.

"ఆయన ఇరగ్గొట్టింది ఆయన చెక్కుకున్న బుద్ధున్నే అని ఏ నోటితోటి చెప్పాలెనే?"