తెర మీద చారలు

పోయినవాళ్ల ఫొటోకు ఇప్పుడెవరూ దండ వేయడం లేదు. పదకొండో రోజు సాయంత్రం ఆరింటి దాకా వాళ్లు ఎల్ఈడీ తెర మీద నవ్వుతారు. ఆ తర్వాత ఎప్పటికీ కనబడరు.

నా భార్య చంద్రకళ కోసం తెర కొనేటప్పుడు, రిఫ్రెష్ రేటు ఎక్కువున్నది తీసుకోమన్నాడు కొట్టతను. తక్కువదైతే కంటికి బాగానే ఉంటుంది గాని కెమెరాలో చారలు పడతాయట. కెమెరాతో నాకేం పని అని చవకది తెచ్చాను.

చివరి రోజు, మంచం దిగలేని అత్త వీడియో కాల్ చేసింది. ఫోను తెర వైపు తిప్పాను.

"అల్లుడూ, పిల్ల మొహం నిండా ఆ నల్లచారలేంటయ్యా?"

"తెర చవకదత్తా."

"బతికుండగానైనా దానికి మంచిదొక్కటి కొన్నావా?"

కొట్టుకు పరుగెత్తాను. కొత్త తెర బిగించేసరికి ఆరు దాటింది. ఒక్క చార లేకుండా వెలుగుతోంది. చంద్రకళ లేదు.

ఫోనులో అత్త కళ్లద్దాలు తుడుచుకుంటోంది.

"ఏదీ, ఇప్పుడు చూపించయ్యా."